కూసోని ఏసుడే గదా!

కూర్చుని ఆడే ఆటలకు మన దగ్గర ఆదరణ లేదంటే నేనొప్పుకోను. పొద్దున ఆరింటికే టీ కొట్టు బెంచీ మీద ప్రాక్టీసు మొదలుపెట్టే ఊరు మా హనుమకొండ. మాటలు విసరడానికి మాకు కోచ్ కూడా అక్కర్లేదు.

అందుకే వీల్‌చైర్‌లో తిరిగే మా కాలనీ అమ్మాయి షాట్‌పుట్ వేస్తున్నదని తెలిసినప్పుడు మేమంతా నిపుణుల హోదాలోనే స్పందించాం. ‘‘కూసోని ఏసుడే గదా బిడ్డా’’ అని తేల్చేశాడు మా బాబాయి. 2016 రియో పారాలింపిక్స్‌లో దీపా మలిక్ కూర్చుని విసిరే ఎఫ్53 విభాగంలో 4.61 మీటర్లు విసిరి రజతం తెచ్చిందనీ, పారాలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమేననీ ఆ పిల్ల చెప్పింది. ‘‘నాలుగున్నర మీటర్లేనా? మా వాకిలంత గూడ లేదు!’’

పిల్ల వాదించలేదు. వెల్డింగ్ షాపులో చేయించుకున్న ఇనుప కుర్చీ చూపించింది. దిండుతో కలిపి ఎత్తు 75 సెంటీమీటర్లు దాటొద్దట. బాబాయిని అందులో కూర్చోబెట్టి, తొడలకు బెల్టులు బిగించి, మూడు కిలోల గుండు చేతిలో పెట్టింది. ‘‘ఎఫ్53 వాళ్లకు నడుం సాయముండదు బాబాయీ. నువ్వు గూడ నడుం కదపకుండ, ఉత్త భుజంతోని వెయ్యి.’’ గుండు ఆయన చెప్పుల పక్కనే పడింది. గుండుకు చెమట పట్టిందన్నాడు బాబాయి.

అన్నిటికన్నా నాకు నచ్చిన రూలు ఒకటుంది. విసిరేటప్పుడు సీటు మీంచి కాస్త లేచినా ఫౌలే. ఈ లెక్కన మా సంఘాల అధ్యక్షులకు ఎన్ని పతకాలు రావాలి? ఇరవై ఏళ్లుగా ఒక్క ఫౌల్ లేదు, అదీ బెల్టు లేకుండా!

ఆ అమ్మాయికి మొన్న సన్మానం చేశాం. వేదికకు ఐదు మెట్లు, ర్యాంపు లేదు. కాబట్టి పెద్దలు పైన, ఆమె కింద. మన కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి 2024 పారిస్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చినప్పటి నుంచి పారా క్రీడల మీద మాకు అవగాహన బాగా పెరిగింది కదా, ముఖ్య అతిథి కూడా అదే ఊపులో ‘‘దీప్తి లెక్క నువ్వు గూడ మంచిగ ఉరకాలె బిడ్డా’’ అని దీవించారు.

తర్వాత శాలువా. ఆయన దిగలేదు, ఆమె ఎక్కలేదు. కుర్చీలోంచే ముందుకు వంగి విసిరారు. అది వెళ్లి ఫొటోగ్రాఫర్ నెత్తిన పడింది. సీటు మాత్రం వదల్లేదు. టేపు పెట్టి కొలిచేవాళ్లే లేకపోయారు.