బాఖ్ ఎడమ చెయ్యి, లూసియే కుడి చెయ్యి

1959లో డెక్కా కంపెనీ విడుదల చేసిన ‘ప్లే బాఖ్’ మొదటి రికార్డు, 18వ శతాబ్దపు జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన సి మేజర్ ప్రెల్యూడ్‌తో మొదలవుతుంది. పియానో నేర్చుకునే పిల్లలు కూడా వాయించే ముక్క అది. మన లెక్కలో చెప్పాలంటే 35 ఆవర్తాలు. అందులో పాట అంటూ ఏదీ ఉండదు, ఒక్కో స్వరంగా విడిపోయే కార్డ్స్ (స్వరాల గుత్తులు) తప్ప. ఫ్రెంచ్ జాజ్ పియానిస్టు జాక్ లూసియే దాన్ని ముందు బుద్ధిగా, రాసింది రాసినట్టే వాయిస్తాడు. కాసేపటికి బేస్ (మంద్రస్వరాల తంత్రీవాద్యం), డ్రమ్స్ వచ్చి కలుస్తాయి. అంతే, చర్చిలో కూర్చున్న బాఖ్ పారిస్ నైట్‌క్లబ్‌లో తేలతాడు.

దీన్ని అపచారం అన్నవాళ్లు శాస్త్రీయ సంగీతం వైపు చాలామంది ఉన్నారు. జాజ్ వైపు గొణుగుడు వేరు: మరీ నున్నగా, మరీ మర్యాదగా ఉందని. రెండు వైపుల నుంచీ మొట్టికాయలు తిన్న ఆ ప్రయోగం పదిహేనేళ్లలో 60 లక్షలకు పైగా రికార్డులు అమ్ముకుంది. అమ్మకాలు ఎక్కువైతే సంగీతం గొప్పదైపోదు, నిజమే. కానీ బాఖ్ మీద చెయ్యి వేసినవాడు లూసియే ఒక్కడే కాదు. ఇదే సి మేజర్ ప్రెల్యూడ్ మీద 19వ శతాబ్దంలోనే ఫ్రెంచ్ స్వరకర్త గూనో ఒక రాగం అల్లి ‘ఆవే మరియా’ అనే ప్రార్థనా గీతం చేశాడు. దాన్ని ఇప్పటికీ పెళ్లిళ్లలో భక్తిగా పాడుతున్నారు.

నా దృష్టిలో లూసియే కిటుకు కుడి చేతిలో లేదు. బాఖ్ ఎడమ చేతిలో, అంటే కింది స్వరాలు వాయించే చేతిలో ఉంది. బరోక్ కాలంలో, అంటే బాఖ్ రోజుల్లో, కీబోర్డు వాయించేవాడికి చాలాసార్లు స్వరాలన్నీ రాసిచ్చేవారు కారు. కింద ఒక బేస్ వరస, దాని మీద కొన్ని అంకెలు, అంతే. మిగతాది అక్కడికక్కడే అల్లుకోవాలి. జాజ్ వాళ్ల చేతిలో ఉండే లీడ్ షీట్ కూడా ఇంచుమించు ఇలాంటిదే, రాసి ఉన్నది కొంచెం, వాయించాల్సింది బోలెడు. పైగా బాఖ్ బేస్ ఊరికే నిలబడి ఉండదు, నడుస్తుంది. మూడో ఆర్కెస్ట్రా సూట్‌లోని ‘ఎయిర్’ అనే ముక్క విన్నప్పుడు పైనున్న వయొలిన్‌ను పక్కనపెట్టి కింద మాత్రమే వినండి. తడబడకుండా మెట్లు దిగుతున్న మనిషి అడుగుల చప్పుడులా ఉంటుంది. జాజ్‌లో ‘వాకింగ్ బేస్’ (దెబ్బకో స్వరంగా ఆగకుండా నడిచే బేస్) అంటే ఏమిటో తెలిసినవాడికి ఇక వివరించాల్సింది ఏమీ ఉండదు.

అందుకే ఆ త్రయంలో నేను ముందు వినేది పియానో కాదు, పియెర్ మిషెలో బేస్. అమెరికన్ జాజ్ ట్రంపెట్ దిగ్గజం మైల్స్ డేవిస్ పక్కన వాయించిన చెయ్యి అది. డ్రమ్స్ మీద క్రిస్టియన్ గారోస్. వీళ్లిద్దరూ నేలను గట్టిగా పట్టుకున్నారు కాబట్టే లూసియే పైన స్వేచ్ఛగా తిరగగలిగాడు. త్యాగరాజ కీర్తనలో ఒక పంక్తి తీసుకుని నెరవల్ చేసే విద్వాంసుణ్ణి మనం అపచారం చేశాడనం, ఎంత దూరం వెళ్లి ఎంత చక్కగా తిరిగొచ్చాడో చూస్తాం. 1747లో పోట్స్‌డామ్‌లో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ ఒక స్వరవరస ఇస్తే బాఖ్ అప్పటికప్పుడు మూడు గొంతుల ఫ్యూగ్ (ఒకే వరస ఒకదాని వెంట ఒకటిగా అల్లుకునే రచన) వాయించాడు. మనోధర్మం ఆయనకు పరాయిదేం కాదు.

1934లో ఫ్రాన్స్‌లోని ఆంజేలో పుట్టిన లూసియే చిన్నప్పుడు బాఖ్ భార్య పేరిట ఉన్న ‘అన్నా మాగ్డలీనా నోట్‌బుక్’లోని ఒక ముక్కకు అంటుకుపోయి, వాయించి వాయించి, సొంత స్వరాలు కలపడం మొదలుపెట్టాడట. తర్వాత పారిస్ కన్సర్వేటరీలో ఈవ్ నాట్ అనే పియానిస్టు దగ్గర చదువు, ఆ పైన షార్ల్ అజ్నవూర్ లాంటి గాయకుల వెనక పియానో. ఈ రెండో బడి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. గాయకుడి వెనక వాయించేవాడికి ఎక్కడ ఆగాలో తెలియాలి. ‘ఎయిర్’లో అతను వదిలిన ఖాళీలు అక్కడ నేర్చుకున్నవేనని నా అనుమానం. బ్రిటన్‌లో అదే ‘ఎయిర్’ హామ్లెట్ బ్రాండు చుట్టల టీవీ ప్రకటనకు నేపథ్యమై ఇంటింటికీ చేరింది. బాఖ్ అంటే చుట్ట గుర్తొచ్చే తరం ఒకటి అక్కడ తయారైంది.

1978లో త్రయం విడిపోయింది. అప్పటికే దక్షిణ ఫ్రాన్స్‌లో ప్రోవాన్స్‌లోని మిరావాల్‌లో లూసియే స్టూడియో పెట్టుకున్నాడు. బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్ ‘ది వాల్’లో కొంత భాగం రికార్డు చేసింది అక్కడే. (తర్వాత బ్రాడ్ పిట్, ఏంజెలినా జోలీ కొనుక్కున్న, ఆనక కోర్టుకెక్కిన ఎస్టేట్ కూడా అదే.) 1985లో బాఖ్ పుట్టి మూడు వందల ఏళ్లు నిండిన పండుగ మళ్లీ అతణ్ణి వేదిక ఎక్కించింది, ఈసారి కొత్త బేస్, కొత్త డ్రమ్స్‌తో.

ఆ రెండో ఇన్నింగ్స్‌లోనే అసలు పరీక్ష ఎదురైంది. వివాల్డీ, సాటీ, రావెల్, షోపాన్, బేథోవెన్, ఈ యూరప్ స్వరకర్తలందరినీ పట్టుకున్నాడు. వివాల్డీ కుదిరాడు, బేస్ నడిచే కాలం వాడే కదా. రావెల్ ‘బొలేరో’లో డ్రమ్ ముందే ఉంది కాబట్టి గట్టెక్కింది. షోపాన్ నాక్టర్న్‌ల (రాత్రివేళ ధోరణిలో సాగే పియానో ముక్కలు) దగ్గర మాత్రం నాకు పంటి కింద రాయి తగులుతుంది. షోపాన్‌లో కాలం సాగుతుంది, ముడుచుకుంటుంది. దానికి లయ పట్టీ బిగిస్తే ఊపిరి ఆడదు. ఏ పాటకైనా స్వింగ్ (జాజ్ ఊపు) తొడిగితే చాలు అనుకునేవాళ్లకు ఆ రికార్డే జవాబు.

2002లో ఇంకో మలుపు. ‘పల్సియోన్’ అనే తన రచనలోని భాగాన్ని ‘కిల్ యూ’ పాటలో అనుమతి లేకుండా వాడాడంటూ అమెరికన్ ర్యాపర్ ఎమినెమ్ మీద లూసియే కోటి డాలర్లకు దావా వేశాడు. జీవితమంతా మరొకరి సంగీతం మీద బతికినవాడు ఇలా అడగడమేమిటని నవ్వినవాళ్లున్నారు. నేను నవ్వలేను. బాఖ్ పోయింది 1750లో, అతని స్వరాలకు యజమాని అంటూ ఎవరూ లేరు. ‘పల్సియోన్’ రాసినవాడు అప్పటికి బతికే ఉన్నాడు. అయితే వివాల్డీ కూడా బతికుండగానే బాఖ్ అతని కాన్సెర్టోలను తన కీబోర్డు మీదికి ఎత్తుకున్నాడు, ఆ రోజుల్లో ఇప్పటి కాపీరైట్ లాంటి చట్టమేదీ అడ్డురాలేదు. ఎమినెమ్ కేసు చివరికి కోర్టు బయట రాజీ అయింది కాబట్టి, ఎత్తుకోవడానికీ అల్లుకోవడానికీ మధ్య గీత ఎక్కడుందో ఏ జడ్జీ చెప్పాల్సిన అవసరం రాలేదు.