నెమలికంఠం చీర, పదకొండు వేల మానిటరు

పట్టుచీర కొనేటప్పుడు మా అత్తగారు దుకాణంలోని దీపాలను నమ్మరు. చెన్నై టి.నగర్‌లో ఎంత పెద్ద అంగడి అయినా సరే, నచ్చిన చీరను చేతిమీద వేసుకుని, సేల్స్‌మన్ ఆదుర్దాగా వెంట నడుస్తుండగా వాకిలి దాకా వచ్చి, పగటి వెలుగులో మడత తిప్పి చూసుకుంటేగాని బిల్లు వేయించరు. తెరల రంగులకు ప్రమాణంగా పెట్టుకున్న డి65 అనే తెలుపు కూడా ఇంచుమించు 6500 కెల్విన్ల పగటి వెలుగేనని నేను చాలా ఆలస్యంగా, చాలా డబ్బు పోసి తెలుసుకున్నాను.

దీనికంతటికీ మూలం మా మరదలి సీమంతం. ఫోటోలు నేనే తీశాను, తీయడం వరకు బాగానే జరిగింది. వాటిని పాత లాప్‌టాప్ మీద దిద్ది ఆల్బం వేయిస్తే, నెమలికంఠం రంగు పట్టుచీర కాస్తా వంకాయ రంగుకు తిరిగింది. అదీ కరెంటు పోయిన గదిలో కట్టుకున్నట్టు వచ్చింది. అత్తగారు ఆల్బం మూసి, "బాబూ, ఇది మనం పెట్టిన చీర కాదే" అన్నారు. ఆల్బం వియ్యపురాలి చేతికి వెళ్లేలోగా ఏదో ఒకటి చేయాలని ఇంటిల్లిపాదీ తీర్మానించారు.

నిజానికి తప్పు లాప్‌టాప్‌ది. దానికి ఉన్నది టీఎన్ రకం తెర. అందులో తల అంగుళం దించితే ముఖాలు నల్లబడతాయి, అంగుళం ఎత్తితే పాలిపోతాయి. కాబట్టి నేను నిటారుగా కూర్చుని దిద్దిన ఫోటోలూ, భోజనం చేసి వాలుకుర్చీలో జారగిలబడి దిద్దిన ఫోటోలూ రెండు వేరువేరు కుటుంబాల సీమంతాల్లా ఉన్నాయి. పైగా తెర వెలుగును పూర్తిగా పెంచి పెట్టుకోవడం నా అలవాటు. తెర మిరుమిట్లు గొలుపుతుంటే ఫోటోలో వెలుగు ఎక్కువైందని భ్రమపడి తగ్గిస్తాం. కాగితానికి సొంత వెలుగు ఉండదు కనుక, ఆ తగ్గించినదంతా ప్రింటులో చీకటిగా తేలుతుంది.

మౌంట్ రోడ్డు పక్కనున్న రిచీ స్ట్రీట్‌కు వెళ్లాను. దుకాణదారు ఒక పెట్టె చూపించి, "1 మిల్లీసెకండు, 144 హెర్ట్జ్, గేమింగ్‌కు సూపర్ సార్" అన్నాడు. నాకు కావలసింది చీర రంగు సరిగ్గా కనబడడమని చెబితే, నన్ను ఒకసారి, పక్కనున్న కుర్రవాణ్ని ఒకసారి చూసి, ఏ పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని ఐపీఎస్ రకం తెర ఉన్న 24 అంగుళాల మానిటరు దించాడు. పెట్టె మీద ఎన్‌టీఎస్‌సీ 72 శాతం అని ఉంది. నూటికి డెబ్బైరెండు మార్కులు వచ్చినదానికి పూర్తి ధర ఎందుకివ్వాలని నేను వాదిస్తే, ఆయన కూడా ఆ 72ను చూసి కాస్త సిగ్గుపడి మూడు వందలు తగ్గించాడు. ఎన్‌టీఎస్‌సీ అనేది 1953 నాటి అమెరికా కలర్ టీవీ కొలత అనీ, ఫోటోలకు మనం వాడే 1996 నాటి ఎస్ఆర్‌జీబీ అనే రంగుల పరిధి వైశాల్యం దానిలో 72 శాతమే కాబట్టి అక్కడ 72 అంటే దాదాపు నూటికి నూరేననీ అప్పటికి మా ఇద్దరిలో ఎవరికీ తెలియదు. తెలిసి ఉంటే ఆయన మూడు వందలు పెంచేవాడేమో. ఎడమ నుంచి, కుడి నుంచి, చివరికి గొంతుక్కూర్చుని కింద నుంచి కూడా చూసి, రంగు మారలేదని నిర్ధారించుకుని, పదకొండు వేలకు మానిటరును ఆటోలో ఒళ్లో పెట్టుకుని వెస్ట్ మాంబళం చేరాను.

కొన్నంత మాత్రాన రంగులు నిజం చెప్పవనీ, కొలిచి సరిదిద్దాలనీ, అంటే కాలిబ్రేట్ చేయాలనీ కోడంబాక్కంలో పెళ్లి ఫోటోలు తీసే మిత్రుడు చెప్పి, తెర రంగులను కొలిచే తన కలరిమీటరును రెండు రోజులకు అరువిచ్చాడు. "ఒరేయ్, ముందు అరగంట వెలగనివ్వు, వెలుగును 120 క్యాండెలాలకు దించు, గదిలో దీపం ఆర్పు" అన్నాడు. "అయ్యాక కొత్తలో వింతగా కనిపిస్తుంది, కన్ను అదే అలవాటు పడుతుంది" అని కూడా అన్నాడు. ఈ చివరి వాక్యమే నన్ను ముంచింది.

ఆదివారం మధ్యాహ్నం కిటికీలు మూసి, తెరను కొంచెం వెనక్కి వాల్చి, ఆ పరికరాన్ని దానిమీద వేలాడదీశాను. పచ్చడి సీసా మూతంత ఉన్న కన్ను ముందువైపు, దాన్ని నిలబెట్టే బరువు వెనకవైపు, మధ్యలో వైరు. అంతా కలిసి మానిటరు కావడి మోస్తున్నట్టుంది. తెర ఎరుపు, పచ్చ, నీలం, రకరకాల బూడిద రంగులుగా మారుతుండగా అత్తగారు తలుపు తోసి చూశారు.

"దానికి బీపీ చూస్తున్నారా బాబూ?"

"కాదండీ అత్తయ్యగారూ, రంగు చూస్తున్నాను."

"రంగు చూడడానికి గది చీకటి చేశారేమిటి?"

దీనికి నా దగ్గర జవాబు ఉంది కాని, అది ఆవిడకు చెప్పగలిగినది కాదు. పావుగంటకు ఫలితం వచ్చింది. సగటు డెల్టా ఈ, అంటే ఉండవలసిన రంగుకూ తెర చూపే రంగుకూ తేడా, 0.9. అది 2 లోపు ఉంటే తేడా మామూలు కంటికి చిక్కడం కష్టం. మా ఇంట్లో సున్నాకు దగ్గరగా వచ్చినందుకు సంతోషించిన పరీక్ష ఇదొక్కటే.

నేను గమనించనిది ఒకటుంది. అత్తగారు సాయంత్రాలు ఆ మానిటరు మీదే ప్రవచనాలు చూస్తారు. కళ్లకు శ్రమ తగ్గుతుందని, చట్రం కిందనున్న రెండో బటన్ నొక్కి రీడింగ్ మోడ్ పెట్టుకోవడం నేనే ఆవిడకు నేర్పాను. శనివారం రాత్రి ఆవిడ నొక్కిన మోడ్ ఆదివారం కూడా అలాగే ఉంది. అటువంటి మోడ్‌లన్నీ తీసేయమని సాఫ్ట్‌వేర్ మొదటి పేజీలోనే చెప్పింది, నేను చదవకుండా "నెక్స్ట్" నొక్కాను. మోడ్ తెరలోని నీలాన్ని తగ్గించింది. కొలిచిన పరికరం పాపం నిజాయితీగా, తెల్లదనం తేవడానికి మిగిలిన ఎరుపునూ పచ్చనూ తగ్గించింది. తెర స్వచ్ఛంగా తెల్లబడింది. ఆ సాయంత్రం ఆ తెలుపు చూసిన అత్తగారు, మోడ్ తీసేసి ఉందనుకుని, దాన్ని పెట్టుకుందామని బటన్ నొక్కారు. ఉన్న మోడ్ కాస్తా పోయింది. నీలం పూర్తిగా తిరిగొచ్చింది, తగ్గిన ఎరుపూ పచ్చా తగ్గినట్టే ఉండిపోయాయి. ప్రవచనకర్త ఉత్తరీయం నీలిమందు పెట్టి ఉతికినట్టు మెరుస్తుంటే, ఇదీ ఏదో కళ్లకు మంచిదేననుకుని ఆవిడ మారుమాట్లాడలేదు.

సోమవారం నాకు ఫోటోలన్నీ నీలంగా కనిపించాయి. వింతగా ఉంటుందని మిత్రుడు చెప్పనే చెప్పాడు, చేతిలో 0.9 ఉంది. కనుక తెరను అనుమానించకుండా నా కెమెరాను అనుమానించి, మూడు రాత్రులు మేలుకుని 180 ఫోటోలకూ వెచ్చదనం, అంటే పసుపు ఛాయ, పెంచాను.

రెండో ఆల్బం వచ్చింది. మల్లెపూలు సంపెంగలయ్యాయి. చెంపలకు పూసిన గంధం పసుపైంది. నెమలికంఠం చీర చిలకపచ్చగా మారింది. మా ఆవిడ పేజీలు తిప్పి, "ఏమండీ, సీమంతం చేశామా, మంగళస్నానం చేయించామా?" అంది.

ఆ సాయంత్రం అత్తగారు "కళ్లు లాగుతున్నాయి" అంటూ బటన్ నొక్కారు. నా కళ్ల ముందే నీలి తెర పాలలా తెల్లబడింది. కాఫీ గ్లాసు పక్కన పెట్టి నేనూ నొక్కాను, నీలం. మళ్లీ నొక్కాను, తెలుపు. అలా నేను ఏడెనిమిదిసార్లు నొక్కేసరికి, అత్తగారు భయపడి ప్రవచనం ఆపేశారు.

మోడ్ తీసి, మానిటరును ఫ్యాక్టరీ సెట్టింగులకు మార్చి, మొదటి పేజీ అక్షరం వదలకుండా చదివి, మళ్లీ కాలిబ్రేట్ చేశాను. ఎవరూ నొక్కకుండా మా ఆవిడ ఆ బటన్ మీద ఎర్ర బొట్టుబిళ్ల అంటించింది. అత్తగారి ప్రవచనాలు ఫోనులోకి మారాయి. ఇక అనుమానానికి తావుండకూడదని అసలు చీరనే తెప్పించి, కిటికీ తెరిచి, మానిటరు పక్క కుర్చీ మీద పరిచాను. అప్పుడు బయటపడింది అసలు చిక్కు. నెమలికంఠం నేతలో పడుగు ఒక రంగు, పేక ఒక రంగు. నేను నిలబడి చూస్తే నీలం, అత్తగారు కూర్చుని చూస్తే పచ్చ. నా పాత లాప్‌టాప్ తెర ఏ గుణం వల్ల పనికిరాదని పారేశానో, సరిగ్గా ఆ గుణానికే ఈ చీరకు ఎక్కువ ధర పెట్టి కొన్నారు.

"ఏ రంగు ఉంచమంటారు అత్తయ్యగారూ?"

"రెండూ ఉంచండి బాబూ. రెండింటికీ డబ్బిచ్చాం."

మడతల్లో పచ్చ, వెలుగు పడ్డచోట నీలం ఉండేలా, వీలైనంత వరకు ఉంచాను. మూడు ఆల్బంల ఖర్చూ కలిపితే మానిటరు ధర దాటింది. మూడో ఆల్బం వచ్చిన రోజు అత్తగారు దాన్ని హాల్లో తెరవలేదు. రెండు చేతులతో పట్టుకుని వాకిలి దాకా నడిచి, పగటి వెలుగులో ఒక్కొక్క పేజీ వంచి వంచి చూశారు. సేల్స్‌మన్‌లాగా నేను వెనక నిలబడ్డాను.

"చీర వచ్చింది" అన్నారు చివరికి. "పూలు మాత్రం రెండోదాంట్లోనే బాగున్నాయి బాబూ. సంపెంగలు నాకిష్టం."