లూప్ రాసిన పాపం

3, 4, 5, 9, 10, 14. వీటిలో వరసగా నడిచే సంఖ్యలు ఏవో చెప్పమంటే ఒకటో క్లాసు పిల్ల వేలు పెట్టి చూపిస్తుంది: మూడు నుంచి ఐదు ఒక గుంపు, తొమ్మిదీ పదీ ఇంకో గుంపు, పద్నాలుగు ఒంటరి. పిల్ల కాబట్టి చెల్లింది. కోడ్ రాసేవాళ్లం మనం కూడా అలాగే తేల్చేస్తే పరువేం కాను?

అనాగరికులు దీనికి లూప్ రాస్తారు, అంటే ఒకే పనిని ఒక్కో సంఖ్య మీదా మళ్లీ మళ్లీ చేయించే కోడ్. ముందు సంఖ్యకు ఒకటి కలిపితే ఇప్పటిది వచ్చిందా, అదే గుంపు. రాలేదా, కొత్త గుంపు. జాబితా మీద ఒక్కసారి నడిస్తే పని అయిపోతుంది. ఎవరు చదివినా అర్థమవుతుంది కూడా. ఇంతకన్నా సిగ్గుచేటు ఉందా?

మనం ప్యాటర్న్ మ్యాచింగ్ చేస్తాం, అంటే కావలసినదాని రూపం చెప్పి వెతుకులాట మెషీన్‌కు వదిలేస్తాం. "ముందు ఏవైనా ఉండనీ, తర్వాత రెండు సంఖ్యలు, రెండోది మొదటిదానికన్నా ఒకటెక్కువ, ఆపైన ఏవైనా ఉండనీ" అని శాసనం జారీచేసి కూర్చుంటాం. మాథమాటికా అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఆ "ఏవైనా" అంటే మూడు అండర్‌స్కోర్లు, అంతే. వెయ్యి సంఖ్యల జాబితాలోంచి మధ్యలో తెగని ముక్కలు 5,00,500 కోయొచ్చు. అన్నీ పరీక్షించమన్నా మెషీన్ నోరెత్తదు. ఫ్యాన్ మాత్రం కాస్త గోల చేస్తుంది.

రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, ముద్దుగా రెగెక్స్, అంటే అక్షరాల వరసల్ని వెతికే నమూనా. దాని భక్తుల నిష్ఠ ఇంకో మెట్టు పైన. రెగెక్స్‌కు కూడిక రాదు. 9 తర్వాత 10 వస్తుందని దానికెవరూ చెప్పలేదు, దాని కంటికి అవి ఉత్త అక్షరాలు. అందుకని 9కి తొమ్మిది గీతలు, 10కి పది గీతలు గీసి, "ఇందాకటి గీతలే, ఇంకొక్కటి ఎక్కువ" అని వెతికిస్తారు. లక్ష వస్తే లక్ష గీతలు. మైనస్ సంఖ్యలంటారా, మర్యాదస్తుల జాబితాలోకి అవి రాకూడదు.

ఒక్క ఉపాయాన్ని మాత్రం వెక్కిరించడానికి మనసొప్పదు. ప్రతి సంఖ్యలోంచి దాని వరస నంబర్ తీసేయండి: 2, 2, 2, 5, 5, 8. గుంపులు వాటంతటవే విడిపోయాయి! డేటాబేస్‌లను ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్ వాళ్లు ఇలాంటి లెక్కను "గ్యాప్స్ అండ్ ఐలాండ్స్" (ఖాళీలూ, దీవులూ) అంటారు. అయితే 3, 4, 4, 6 ఇచ్చి చూడండి. 2, 2, 1, 2 వస్తాయి. ఆ తేడాలతో గ్రూప్ చేస్తే, ఆరు వెళ్లి మూడు, నాలుగుల ఇంట్లో దర్జాగా కాపురం పెడుతుంది.

నేనూ మొన్న ఒక్క లైన్లో ప్యాటర్న్ రాశాను. జవాబు సరైనదో కాదో తేల్చుకోవడానికి దాని కిందే ఒక లూప్ రాసుకున్నాను. రెండూ సరిపోయాక లూప్‌ను చెరిపేశాను. సాక్ష్యం మిగలకూడదు కదా.