ఆఫీసు ల్యాప్‌టాప్‌కు తాళాలు సరే, పక్కనున్న ఫోన్ సంగతేంటి?

హైటెక్ సిటీలో ఉద్యోగంలో చేరగానే చేతికొచ్చే ల్యాప్‌టాప్ చాలావరకు కట్టుదిట్టంగానే ఉంటుంది. పెన్‌డ్రైవ్ పెడితే తీసుకోదు. సొంత మెయిల్ తెరుచుకోదు. చిన్న టూల్ వేసుకోవాలన్నా ఐటీ విభాగానికి టికెట్ (ఆన్‌లైన్ అభ్యర్థన) రేజ్ చేసి, మేనేజర్ అప్రూవల్ కోసం ఎదురుచూడాలి.

ఇందులో కంపెనీని తప్పుపట్టలేం. క్లయింట్ డేటా బయటికి పోతే సమాధానం చెప్పుకోవాల్సింది వాళ్లే. 2023లో శాంసంగ్ ఉద్యోగులు కొందరు కంపెనీ సోర్స్ కోడ్‌ను చాట్‌జీపీటీలో పెట్టారు. దాంతో ఆ సంస్థ తన పరికరాల్లో అలాంటి ఏఐ టూల్స్‌నే ఆపేసింది. మన కేంద్ర ఆర్థిక శాఖ కూడా 2025 జనవరి చివర్లో ఆఫీసు కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ లాంటి ఏఐ టూల్స్ వాడొద్దని సిబ్బందికి చెప్పింది. పైగా 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ (డీపీడీపీ) చట్టం ఉండనే ఉంది. వ్యక్తిగత సమాచారాన్ని కాపాడే ఏర్పాట్లలో విఫలమైతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వెళ్లొచ్చు.

కానీ ఒకవైపు బిగించేసరికి డేటా ఇంకోవైపు నుంచి జారుతోంది. రాత్రి షిఫ్టులో ఉన్న ఒక సపోర్ట్ ఇంజనీర్‌ను ఊహించుకోండి. పని చేసేది క్లయింట్ వర్చువల్ డెస్క్‌టాప్ మీద, అంటే తన ల్యాప్‌టాప్‌లో తెరుచుకునే క్లయింట్ సర్వర్‌లోని కంప్యూటర్ మీద. ఎర్రర్ వచ్చింది. అక్కడి నుంచి కాపీ చేసి సీనియర్‌కు పంపుదామంటే క్లిప్‌బోర్డ్ (కాపీ-పేస్ట్ సదుపాయం) బ్లాక్. అవతల క్లయింట్ లైన్‌లో ఉన్నాడు, టెన్షన్. జేబులోంచి సొంత ఫోన్ తీసి, స్క్రీన్‌ను ఫొటో కొట్టి, టీమ్ వాట్సాప్ గ్రూపులో పడేస్తాడు. ఆ ఫొటోలో కస్టమర్ పేరు, ఖాతా నంబరు కనిపిస్తూనే ఉంటాయి. ఫోన్‌లో బ్యాకప్ ఆన్‌లో ఉంటే కాసేపటికి అది అతని గూగుల్ ఫొటోస్‌లోకి కూడా చేరుతుంది. కంపెనీ కంప్యూటర్లు నమోదు చేసుకునే లాగ్‌లలో దీని జాడే ఉండదు. ఇంతకీ ‘వాట్సాప్‌లో పెట్టు బాబూ’ అని చెప్పేది చాలాసార్లు మేనేజరే!

అందుకే కొత్తగా ఏదైనా బ్లాక్ చేసేముందు, ఇప్పటిదాకా దాంతో ఏ పని జరుగుతోందో ఐటీ విభాగం టీములను అడగాలి. ఆ పనికి వేరే దారి చూపించాలి. వర్చువల్ డెస్క్‌టాప్ లోపలే చాట్ ఇస్తే పై ఫొటో అవసరమే రాదు. అర్ధరాత్రి టికెట్‌కు అర్ధరాత్రే జవాబిచ్చే మనిషి కూడా ఉండాలి.

ఉద్యోగి మీద కంపెనీ పెట్టే నిఘా సంగతి వేరే. డీపీడీపీ చట్టం సెక్షన్ 7 ప్రకారం ఉద్యోగ అవసరాలకు, వ్యాపార రహస్యాలు కాపాడుకోవడానికి సమాచారం వాడుకుంటే ఉద్యోగి సమ్మతి అక్కర్లేదు. కాబట్టి అడిగి తెలుసుకోవడం మన వంతే. ఆఫీసు ఫోన్ లొకేషన్ డ్యూటీ అయ్యాక కూడా కనిపిస్తుందా? స్క్రీన్ రికార్డవుతోందా? దూరం నుంచి ఫోన్‌ను చెరిపేసే అధికారం ఎవరిది? ఆండ్రాయిడ్ తయారుచేసే గూగుల్‌కు ఉద్యోగి గోప్యత సంగతి తోచక కాదు: కంపెనీ ఇచ్చిన ఫోన్‌లో కూడా వర్క్ ప్రొఫైల్ (ఆఫీసు యాప్‌లను విడిగా ఉంచే భాగం) పెట్టి, ఉద్యోగి సొంత యాప్‌ల్లోని సమాచారం ఐటీ వాళ్లకు కనిపించకుండా చేసే వీలు 2020లోనే ఆండ్రాయిడ్ 11తో వచ్చింది. ఆ పద్ధతి ఎంచుకోవాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం. ఆ ఎంపికేదో, దాంతో ఏం కనిపిస్తుందో ఒక్క పేజీలో రాసివ్వడానికి ఇబ్బందేమిటో అర్థం కాదు. ఊళ్లు తిరిగే మెడికల్ రెప్‌లకు, ఫీల్డ్ సిబ్బందికి ఆ పేజీ తెలుగులో ఇస్తే ఇంకా మంచిది.

ఈలోగా ఆధార్ స్కాన్‌లు, పిల్లల ఫొటోలు ఆఫీసు ల్యాప్‌టాప్‌లో దాచుకున్నవాళ్లు వాటిని ఇప్పుడే తీయించుకోవడం మేలు. రాజీనామా పెట్టాక యాక్సెస్ ఎప్పుడు కట్ చేస్తారో ముందే చెప్పే కంపెనీలు తక్కువ.