‘ఆట కట్టు’ అని రాసింది నేనే

మొన్న నవరాత్రుల్లో మన సంఘం బొమ్మల కొలువు పోటీకి ఇల్లిల్లూ తిరిగిన న్యాయనిర్ణేతల్లో నేనూ ఒకణ్ణి. ఫలితాలు మీకు తెలిసినవే. మొదటి బహుమతి తెచ్చుకున్న దశావతారాల కొలువు మీద నాకు పేచీ లేదు, వారింటి గుగ్గిళ్ల మీద అసలే లేదు. నా మనసులో ముల్లులా ఉండిపోయింది చెన్నై పశ్చిమ మాంబళంలో చూసిన ఒక చిన్న కొలువు.

తొమ్మిదో తరగతి అమ్మాయి పెట్టింది. ఐదే మెట్లు. పై మెట్టు మీద కలశం, మరపాచి అనే చెక్కబొమ్మల జంట, పక్కన వాళ్ల అమ్మమ్మ నాటి మట్టి చెట్టియారు దంపతుల బొమ్మలు. అందరూ కొలువు ముందు బొమ్మల పార్కు కట్టే చోట ఈ పిల్ల నేల మీద బియ్యప్పిండితో అరవై నాలుగు గళ్లు గీసి, నల్లగళ్లలో బొగ్గుపొడి నింపింది. వాటి మీద పావులు. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో, ప్రపంచ చదరంగ టైటిల్ కోసం మన చెన్నై కుర్రవాడు గుకేశ్, చైనా ఆటగాడు డింగ్ లిరెన్ ఆడిన పద్నాలుగో ఆట అది. 55వ ఎత్తుకు డింగ్ తన ఏనుగును జరపకూడని గడిలోకి జరిపాడే, ఆ ఘట్టం. ఆ ఏనుగు కింద గోరంత ఎర్రకాగితం పెట్టింది, చూసేవాళ్లకు తెలియాలని. వెనక అట్టకు, మర్నాటి పేపరులోంచి కత్తిరించిన ఫొటో: ప్రపంచ విజేత అయిన పద్దెనిమిదేళ్ల కుర్రవాడు ముఖం చేతుల్లో దాచుకుని ఏడుస్తున్నాడు.

మాలో ఒక పెద్దాయన వంగి చూసి, “ఓటముల హ్యాట్రిక్ కొట్టినవాణ్ణి కొలువులో కూర్చోబెట్టావేమిటమ్మా?” అన్నారు. ఆ మాట ఆయన సొంతం కాదు. పండగకు ముందు సమర్‌ఖండ్‌లో గ్రాండ్ స్విస్ అనే చదరంగ పోటీలో గుకేశ్ వరసగా మూడు ఆటలు ఓడినప్పుడు ఒక పత్రికలో వచ్చిన శీర్షిక. ఆయన పొద్దున కాఫీతో పాటు తాగి, సాయంత్రం ఆ పిల్ల ముందు ఒలకబోశారు.

“తాతగారూ, ఇది పోయిన డిసెంబరు ఆటండీ” అంది అమ్మాయి, తాంబూలం పళ్లెం సర్దుతూ. ఇద్దరు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రాత్రి నిద్ర పట్టనిది మాత్రం నాకే అనుకుంటాను.

ఎందుకంటే నాది అలాంటి శీర్షికలు వండే వంటింటి ఉద్యోగమే. ఇదే ఊళ్లో ఒక తెలుగు దినపత్రికలో చాలా ఏళ్లు డెస్కులో కూర్చున్నాను. 2013 నవంబరులో ప్రపంచ టైటిల్ పోరు చెన్నైలోనే జరిగింది. మన విశ్వనాథన్ ఆనంద్‌కు నలభై మూడేళ్లు, ఎదురుగా నార్వే ఆటగాడు, ఇరవై రెండేళ్ల కార్ల్‌సన్. పోటీ ఇక్కడ జరిపించడానికి తమిళనాడు ప్రభుత్వం 29 కోట్లు ఇచ్చింది. 21న తొమ్మిదో ఆట. 28వ ఎత్తులో శకటును వాడవలసిన చోట ఆనంద్ గుర్రాన్ని వెనక్కి లాగాడు. కార్ల్‌సన్ ఒక్క ఎత్తు వేశాడు, ఆట అయిపోయింది. నేను ఆట చూడలేదు. ఏజెన్సీ వార్త వచ్చింది, మొదటి రెండు పేరాలు చదివాను. పేజీ ప్రెస్సుకు పంపే వేళ దగ్గరపడింది. మూడు కాలాల జాగా ఉంది. చేయి దానంతట అదే రాసింది: ‘ఆనంద్ ఆట కట్టు’.

ఎంత మురిసిపోయానో చెప్పలేను. ఆ-కారం ఆ-కారంతో కలిసింది, చదరంగం మాటే శీర్షికై కూర్చుంది. పక్క బల్లవాళ్లు వచ్చి భుజం తట్టారు. మర్నాడు ఉదయం మా పాత ప్రూఫ్‌రీడర్ గారు ఫోను చేశారు. “ఇంకా పోటీ ముగియలేదు కదయ్యా, ఇవాళ ఆట ఉందిగా?” అన్నారు. నిజమే. కార్ల్‌సన్‌కు ఇంకా అర పాయింటు కావాలి. అది ఆ రోజే వచ్చింది, నేను బతికిపోయాను. కానీ ఐదు నెలలు తిరక్కుండా ఆనంద్, టైటిల్‌కు పోటీపడేది ఎవరో తేల్చే క్యాండిడేట్స్ గెలిచి, ఏడాది తిరిగేసరికి మళ్లీ అదే కార్ల్‌సన్ ముందు కూర్చున్నాడు. ఆట కట్టింది ఎవరికి?

కరకు శీర్షికల వెనక కోపం ఉంటుందని పాఠకులు అనుకుంటారు. చాలాసార్లు కోపం ఉండదు, ప్రాస ఉంటుంది. జాగా తక్కువ, సమయం తక్కువ, ‘చిత్తు’, ‘బోల్తా’, ‘ఇంటిముఖం’ చేతికి అందేంత దూరంలో ఉంటాయి. మైదానంలో ఉన్న విలేకరి రాసిన వార్త మర్యాదగానే ఉంటుంది. ఆట చూడనివాడు రాత్రి దాని నెత్తిన టోపీ పెడతాడు. తిట్లు మాత్రం విలేకరికి.

అలాగని మెత్తగా రాయమని నేను అనను. మెత్తదనం ఇంకా విసుగు. మనవాళ్లు ఎలా ఓడినా ‘పోరాడి ఓడారు’ అని రాసే అలవాటు ఒకటి ఉంది, అది అంత్యక్రియల సభలో ‘మంచి మనిషి’ అన్నట్టే. 2017లో గ్లాస్గోలో సింధు, జపాన్ అమ్మాయి ఒకుహారాతో బ్యాడ్మింటన్ ప్రపంచ ఫైనల్ 110 నిమిషాలు ఆడి, మూడో గేము 20-22తో పోగొట్టుకుంది. అక్కడ పోరాటం నిజం. అయినా మేము ‘మళ్లీ రజతమే’ అన్నాం. ఫైనల్ అంటే భయమన్నాం. రెండేళ్ల తరవాత బాసెల్‌లో అదే ఒకుహారాను 21-7, 21-7తో ఓడించినప్పుడు ‘బంగారు సింధు’ అని రాసింది కూడా మా బల్లే. ఏ షాటు ఎందుకు తప్పింది, ఎక్కడ అలిసిపోయింది అని రాయడానికి అప్పుడూ జాగా లేకపోయింది, ఇప్పుడూ లేకపోయింది.

సొంత ఊరి పత్రికకు దూరపు పత్రికకు లేని సౌకర్యం ఒకటి ఉంది. కుర్రవాడు ఎక్కడ నేర్చుకున్నాడో, ఎవరి దగ్గర తప్పులు దిద్దుకున్నాడో అడిగి తెలుసుకోవచ్చు. ‘ఈ ఎత్తు ఎందుకు వేశాడు’ అని రాస్తే అది ఎంత కరకుగా ఉన్నా నాకు అభ్యంతరం లేదు. మనిషి మీద రాస్తేనే అభ్యంతరం.

ఇక మన సంగతి. డిసెంబరులో గుకేశ్ గెలవగానే చంద్రబాబు గారు తెలుగు బిడ్డ అన్నారు, స్టాలిన్ గారు 5 కోట్ల బహుమతి ప్రకటించారు. మావాడంటే మావాడని రెండు రాష్ట్రాలవాళ్లూ ఫోన్లలో కొట్టుకున్నారు. మన వాట్సాప్ గుంపులో ఆ వారం అంతా అదే, నేనూ రెండు పంపాను. సెప్టెంబరులో అతను సమర్‌ఖండ్‌లో ఓడినప్పుడు మాత్రం ఎవరూ పోట్లాడుకోలేదు. జూన్‌లో నార్వేలో అదే కుర్రవాడు కార్ల్‌సన్‌ను ఓడించిన సంగతి కూడా అప్పటికి ఎవరికీ గుర్తు లేదు.

విజయదశమి మర్నాడు ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. పడుకోబెట్టిన మరపాచి బొమ్మలను పెట్టెలో సర్దాలట, చుట్టడానికి పాత పేపర్లు అడిగింది. మా ఇంట్లో వాటికి కొదవేమీ లేదు. అటకమీది కట్ట దించి ఇచ్చాను. అందులో సెప్టెంబరు కాగితాలూ ఉన్నాయి.

కార్యదర్శి గారికి, కార్యవర్గానికి నా విన్నపం ఒక్కటే. దీపావళి సంచికలో కొలువుల ఫొటోలు వేస్తారు కదా, బహుమతి రాకపోయినా ఆ చదరంగం కొలువు ఫొటో వేయండి. ఎర్రకాగితం కనబడేలా, కాస్త పెద్దదిగా. దానికి శీర్షిక ఆ అమ్మాయినే అడగండి. నన్ను అడగకండి.