పని మధ్యలోనే అడగండి

డిజైన్ పని చేసేవాళ్లు పని పూర్తయ్యాక ప్రతి క్లయింటునూ రేటింగ్ అడగాలని ఒక వ్యాసంలో చదివా. నా అనుభవంలో అప్పటికే ఆలస్యమైపోతుంది. డబ్బులిచ్చేశాక ఎవరైనా 'బాగుంది' అనే అంటారు, ఆ మాటతో మనం నేర్చుకునేదేమీ ఉండదు.

నేను కడపలో ఇంటి నుంచే డిజైన్ పని చేస్తాను. మూడేళ్ల కిందట ప్రొద్దుటూరులో ఒక నగల అంగడికి కరపత్రం చేసిచ్చా. ఫోన్లో చూసి మెచ్చుకున్న పెద్దాయనే, అచ్చయి వచ్చాక ఆ కాగితాన్ని హారం పక్కన పెట్టి, "ఏం నాయనా, మా బంగారం ఇట్ల మట్టిరంగులో ఉంటాదా?" అన్నాడు. నెపం ప్రెస్సు మీదికి నెట్టేద్దామనిపించింది. కానీ తప్పు నాదే. తెర మీద రంగు ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుతురుతో పుడుతుంది, అది ఆర్‌జీబీ. అచ్చులో సయాన్ (లేత నీలం), మెజెంటా (ముదురు గులాబీ), పసుపు, నలుపు, ఈ నాలుగు సిరాలు కలిసి రావాలి, అది సీఎంవైకే. తెర మీది మెరుపు సిరాకు అందదు. అప్పట్నుంచి ఫైలు మొదట్నే సీఎంవైకేలో పెడతా. ఒక కాపీ అచ్చేయించి, చేతికిచ్చి చూపించాకే మిగతావి.

క్లయింటు "ఏదో తక్కువైంది" అంటే నొచ్చుకోకండి. "ముందు మీ కన్ను దేనిమీద పడింది?" అని అడగండి. పెళ్లిపత్రికలో ముహూర్తం కంటే మామిడి తోరణమే ముందు కనపడుతోందని ఒకామె చెప్పింది. నిజమే! తోరణం తగ్గించి, ముహూర్తం అక్షరాలు 14 పాయింట్ల నుంచి 20కి పెంచా.

నా పనిలో అచ్చుతప్పులున్నాయని ముగ్గురు క్లయింట్లు చెప్పారు. ఇప్పుడు ప్రతి మేటరూ మా అక్కతో గట్టిగా చదివించాకే పంపుతున్నా.