రోజులు తగ్గించే డాక్టరు

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. దిక్కులేని జంతువుల్ని చేరదీసే ఒక షెల్టర్‌కు రోజుకు 10 పిల్లులు వస్తున్నాయి. వచ్చిన పిల్లి సగటున 12 రోజులు ఉండి, ఎవరో ఒకరు పెంచుకోవడానికి తీసుకెళ్తే బయటపడుతోంది. అంటే ఏ రోజు వెళ్లి తలలు లెక్కపెట్టినా లోపల 120 పిల్లులుంటాయి. ఆ 12 రోజుల్ని 8కి తగ్గిస్తే తలలు 80కి దిగుతాయి. వచ్చే పిల్లులు తగ్గలేదు, వెళ్లేవీ తగ్గలేదు, ఒక్కదాన్నీ గుమ్మంలోంచి తిప్పి పంపలేదు. లోపలి రద్దీలో మాత్రం 40 తగ్గాయి. అమెరికా షెల్టర్ వెట్ల (పశువైద్యుల) సంఘం 2010లో తెచ్చిన ప్రమాణాల్లో, తిండికీ శుభ్రతకీ కలిపి ఒక్కో జంతువుకు రోజుకు కనీసం 15 నిమిషాలు కావాలన్న సిఫారసు ఉంది. 40 పిల్లులకు 10 గంటలు. ఒక మనిషి పొద్దున్నుంచి రాత్రి దాకా నడుం వంచి చేసే చాకిరీ అది. రోజూ అంత మిగులుతుంది, అదీ ఒక్క మందు బిళ్ల కొనకుండా.

ఇలాంటి లెక్కలు వేయడం కూడా వైద్యమేనా అని అడిగేవాళ్లున్నారు. వైద్యమే. షెల్టర్ మెడిసిన్, అంటే షెల్టర్ జంతువుల్ని మందగా చూసే పశువైద్యం, చదివిన డాక్టరు దగ్గర ఇంతకు మించిన మందు లేదంటాను నేను. అది అర్థంకాని వృత్తి పెద్దలు, మేనేజ్‌మెంట్లు, దాతలు కలిసి ఈ డాక్టర్లను ఇప్పటికీ "పాపం, సేవ చేస్తున్నారు" అన్న ఖాతాలో వేసి చేతులు దులుపుకుంటున్నారు. సేవ అన్న మాట వినడానికి బాగుంటుంది. తక్కువ జీతం ఇవ్వడానికి, నిర్ణయాల్లో మాట చెల్లనివ్వకపోవడానికి కూడా అదే మాట బాగా పనికొస్తుంది.

ఈ స్పెషాలిటీ పుట్టింది అమెరికాలో. 1999లో కార్నెల్ యూనివర్సిటీలో కోర్సు పెట్టారు. 2001లో షెల్టర్ వెట్ల సంఘం ఏర్పడింది, అదే ఏడాది కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్‌లో రెసిడెన్సీ (స్పెషలిస్టు శిక్షణ) మొదలైంది. 2014లో బోర్డు గుర్తింపు వచ్చింది. కాగితం మీద గుండె డాక్టరు, కంటి డాక్టరు కూర్చునే వరసలో వీళ్లకూ ఒక కుర్చీ పడింది. గౌరవం మాత్రం ఇంకా దారిలోనే ఉంది.

వెటర్నరీ కాలేజీలో చదువంతా ఒక జంతువు, ఒక యజమాని, ఒక జబ్బు చుట్టూ తిరుగుతుంది. షెల్టర్‌లో యజమాని ఉండడు. ఎప్పటి నుంచి తినడం లేదు, టీకాలు వేయించారా అని అడుగుదామంటే చెప్పే నోరు లేదు. ఇక ఒక జంతువు అన్న మాటే అక్కడ చెల్లదు. కోళ్ల ఫారాలు, పాడి మందలు చూసే డాక్టర్లకు ఇలా గుంపుగా ఆలోచించడం అలవాటే. కానీ కోళ్ల ఫారంలో ఒకే వయసు పిల్లలు ఒకేసారి వస్తాయి, ఒకేసారి పోతాయి, మధ్యలో షెడ్డు ఖాళీ చేసి కడుక్కోవచ్చు. షెల్టర్ మందకు అలాంటి విరామం లేదు. పొద్దున ఎవరో అట్టపెట్టెలో నాలుగు పిల్లికూనల్ని గుమ్మం దగ్గర పెట్టి పోతారు, మధ్యాహ్నం రోడ్డు మీద దెబ్బ తగిలిన ముసలి కుక్క వస్తుంది, సాయంత్రం ఒకే ఇంట్లో నుంచి ముప్పై పిల్లులు దిగుతాయి. జబ్బులకు ఇంతకన్నా మంచి జంక్షన్ దొరకదు.

అందుకే మామూలు క్లినిక్‌లో జాగ్రత్త అనిపించేది ఇక్కడ పొరపాటవుతుంది. బయట కుక్కపిల్లకు టీకాలు 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, 2 నుంచి 4 వారాల ఎడంతో వేస్తారు. షెల్టర్‌లో 4 నుంచి 6 వారాలకే మొదలుపెట్టి, రెండేసి వారాలకోసారి వేసుకుంటూ పోవాలి. అది కూడా గుమ్మంలోనే. రేపు డాక్టరు వచ్చి చూశాక వేద్దాం అనుకుంటే ఆ ఒక్క రాత్రి కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్‌కు చాలు. పార్వో నేలలో, గోడ పగుళ్లలో నెలల తరబడి బతికే రకం. ఫినాయిల్ వాసన ఘుమ్మని వస్తే చాలనుకునే చోట అది హాయిగా ఉంటుంది. బ్లీచ్‌తో చస్తుంది, కానీ ఒక వంతుకు 31 వంతుల నీళ్లు కొలిచి కలపాలి, దానికి ముందు మలమంతా కడిగేయాలి. మురికి మీద పోసిన బ్లీచ్‌కు, నీళ్లకు పెద్ద తేడా ఉండదు. బకెట్ పట్టుకున్న మనిషికి ఈ సంగతి రోజూ ఓపిగ్గా చెప్పడం కూడా షెల్టర్ డాక్టరు ఉద్యోగంలో భాగమే. ఏ ఫీజులోనూ దాని లెక్క కనబడదు.

నాకు అన్నిటికన్నా నచ్చే ఉదాహరణ పిల్లుల జలుబు. తుమ్ములు, చీమిడి, అంటుకుపోయిన కళ్లు. దీనికి కారణమైన హెర్పిస్ వైరస్ చాలా పిల్లుల్లో నరాల్లో నిద్రపోతూ ఉంటుంది. పిల్లికి టెన్షన్ పెరిగితే లేస్తుంది, వారం తిరిగేసరికి బయటపడుతుంది. అంటే చాలాసార్లు జబ్బు బయటినుంచి రాలేదు, షెల్టరే దాన్ని నిద్రలేపింది. పాతకాలం జవాబు ఏమిటంటే, తుమ్మిన ప్రతి పిల్లికీ యాంటీబయోటిక్. 2018లో ఉత్తర అమెరికాలోని తొమ్మిది షెల్టర్ల మీద వచ్చిన అధ్యయనం వేరే మాట చెప్పింది. బోను నేల 8 చదరపు అడుగులకు మించి ఉన్నచోట, మొదటి వారంలో పిల్లిని రెండుసార్లకు మించి చోటు మార్చనిచోట ఈ జబ్బు తక్కువగా కనబడింది. మందుల షాపులో దొరకని వైద్యం ఇది.

ఆ వైద్యం చేతల్లో ఎలా ఉంటుందంటే, పక్కపక్కనే ఉన్న రెండు ఇరుకు బోన్ల మధ్య గోడకు గుండ్రంగా కంత కొడతారు, పిల్లి ఒరుసుకోకుండా దూరేలా అంచుకు చట్రం బిగిస్తారు. ఒక గదిలో పడక, తిండి గిన్నె. రెండో గదిలో మట్టి ట్రే. పనివాళ్లు ట్రే వైపు తుడుస్తుంటే పిల్లి పడక వైపు కూర్చుని చెవులు నిక్కించి చూస్తుంది. దాన్ని మెడ పట్టి ఎత్తేవాళ్లు లేరు, పరాయి వాసన కొట్టే బోనులోకి మార్చేవాళ్లు లేరు. తినే చోటు పక్కనే విసర్జించాల్సిన అవమానం లేదు (పిల్లికి అది అవమానమే, పెంచినవాళ్లకు తెలుసు). వడ్రంగి డ్రిల్లు పట్టుకుని చేసిన పని ఇది. కంత ఎక్కడ కొట్టాలో చెప్పింది మాత్రం డాక్టరు.

మేనేజర్‌తో గొడవ ఇక్కడే మొదలవుతుంది. కంతలు కొడితే 60 బోన్లు 30 అయిపోతాయి. వచ్చే పిల్లుల్ని ఎక్కడ పెట్టాలంటాడు. ఆ అడగడం తప్పు కాదు, కానీ లెక్క వేసి చూడాలి. ఇరుకు బోన్లలో 20 రోజులు పడి ఉండే 60 పిల్లులు, విశాలమైన బోన్లలో 10 రోజులకే వెళ్లిపోయే 30 పిల్లులు, రెండు చోట్లా రోజుకు మూడు పిల్లులే కొత్త ఇళ్లకు చేరుతున్నాయి. జబ్బు పడని పిల్లి తొందరగా వెళ్తుంది, తొందరగా వెళ్లే పిల్లి జబ్బు పడదు. ఈ లెక్క పశువైద్యంలో పుట్టింది కాదు. క్యూల గణితంలో దీన్ని లిటిల్ సూత్రం అంటారు, జాన్ లిటిల్ 1961లో రుజువు చేసి ప్రచురించారు. ఎవరి క్యూల కోసమో కట్టిన గణితాన్ని పిల్లి బోను దాకా తెచ్చిన వైద్య శాఖ ఇది. దీన్ని పట్టుకుని రెండో తరగతి వైద్యం అంటే నాకు నవ్వొస్తుంది.

సర్జరీ సంగతికి ఒక్క పేరా చాలు. రోజంతా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లే కదా అని చప్పరించేవాళ్లు ఒక పూట ఆ బల్ల పక్కన నిలబడి చూడాలి. చెయ్యి తిరిగిన సర్జన్ రోజుకు 30కి పైగా చేస్తాడు. కోత చిన్నది, సమయం తక్కువ, కుట్టు లోపలే. చివర్లో కోత పక్కన సన్నగా ఒక ఆకుపచ్చ పచ్చబొట్టు గీత గీస్తాడు. ఏళ్ల తర్వాత అదే జంతువు తప్పిపోయి ఇంకో షెల్టర్‌కు చేరితే, ఆపరేషన్ అయిందో లేదో చూడటానికి దాని పొట్ట మళ్లీ కోయనక్కర్లేదు. ముఖం కూడా తెలియని ఇంకో డాక్టరు కోసం రాసిపెట్టే చీటీ అది.

మనుషులకేం సంబంధం అనేవాళ్లకు 2016 చివర్లో న్యూయార్క్ షెల్టర్లలో జరిగింది గుర్తుచేయాలి. పక్షుల నుంచి వచ్చిన హెచ్7ఎన్2 ఫ్లూ అక్కడ వందల పిల్లులకు పాకింది. వాటి దగ్గర పనిచేసిన ఒక వెటర్నరీ డాక్టరుకు కూడా సోకింది, తేలిగ్గానే తగ్గింది. పిల్లుల్ని విడిగా ఉంచి, అవి వైరస్ వదలడం ఆగేదాకా కాపు కాశారు. మామూలు జలుబులే అని అందరూ అలవాటుపడిన చోట ఈ జలుబు వేరు అని పట్టుకోవడానికి మామూలు జలుబు లెక్క రోజూ రాసిపెట్టుకునే మనిషి కావాలి.

అవతలి వాదన ఒకటుంది, దాన్ని దాటేయకూడదు. మందను చూసే కంటికి ఒక్క ప్రాణం ఆనదు, లెక్కలతో మొదలైన వైద్యం ఖరీదైన కేసుల్ని కారుణ్య మరణం వైపు నెట్టేస్తుంది అంటారు. షెల్టర్ల చరిత్ర చూస్తే ఈ భయం ఉత్తది కాదు. కానీ ఆ చరిత్ర ఈ డాక్టర్లు రాకముందుది. అంచనాల ప్రకారం 1970లలో అమెరికా షెల్టర్లలో ఏటా కోటికి పైగా జంతువుల్ని చంపేవాళ్లు. ఇప్పుడు ఆ అంచనా 10 లక్షల లోపు. ఆ తగ్గుదల ఘనత అంతా వీళ్లదేనని నేను అనను, సంతాన నియంత్రణ, దత్తత ప్రచారాలు ఎన్నో ఉన్నాయి. కిక్కిరిసిన షెల్టర్‌లో ఒక్క ప్రాణాన్ని దగ్గరగా చూసే తీరిక ఎవరికుంటుంది అన్నది మాత్రం అడుగుతాను. 120 పిల్లులున్నప్పుడు దొరకని నిమిషాలు 80 ఉన్నప్పుడు దొరుకుతాయి.

ఇక నా పాత పాట ఎత్తుకుంటాను, చదివేవాళ్లు క్షమించాలి. ఎదురుచూపు కూడా ఒక జబ్బే. మనం దాన్ని జబ్బుల జాబితాలో రాసుకోలేదు, అంతే. జంతు హింస కేసుల్నే తీసుకోండి. షెల్టర్ డాక్టర్లలో కొందరు ఫోరెన్సిక్ పని కూడా నేర్చుకుంటారు. బక్కచిక్కిన కుక్క ఎముకలు ఎంత పొడుచుకొచ్చాయో కొలతకు తూచి, గాయాలు ఫొటో తీసి, కోర్టుకు నివేదిక రాస్తారు. ఆ తర్వాత ఆ కుక్క సాక్ష్యంగా మారిపోతుంది. కేసు తేలేదాకా ఎవరికీ ఇవ్వడానికి వీల్లేదు. వాయిదా మీద వాయిదా పడుతుంటే నెలలు గడుస్తాయి. తిండి తిని బరువు పెరుగుతుంది గానీ, బోనులో గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది, మనిషి కనబడితే తలుపు మీదికి ఎగురుతుంది, కొన్నాళ్లకు ఎవరూ ఇంటికి తీసుకెళ్లలేని కుక్కగా తయారవుతుంది. మొదటి యజమాని చేసిన గాయం ఫైల్లో ఉంది. వాయిదాలు చేసిన గాయానికి ఏ ఫైలూ లేదు.

మనుషుల ఆసుపత్రుల్లో మాత్రం వేరుగా ఉందా? జ్వరం తగ్గింది, కుట్లు విప్పారు, రోగి ఇంటికి వెళ్లొచ్చు. ఒక సంతకం కోసం, ఒక బీమా కాగితం కోసం అదే మంచం మీద ఇంకో రెండు రోజులు ఉంటాడు. ఆసుపత్రిలో పుట్టే ఇన్‌ఫెక్షన్లకు ఆ రెండు రోజులు అదనపు అవకాశం, ఆ మంచం కోసం ఎమర్జెన్సీలో స్ట్రెచర్ మీద పడుకున్నవాడికి రెండు రోజుల నరకం. కొత్త భవనం కడితే రిబ్బన్ కత్తిరించడానికి పెద్దలొస్తారు. సగటు మకాం ఒక రోజు తగ్గించిన డాక్టరుకు శాలువా కప్పినవాళ్లను నేను చూడలేదు. షెల్టర్లలోనూ అంతే. కొత్త బోన్లకు విరాళాలు వస్తాయి, దాత పేరుతో పలక పెట్టొచ్చు కాబట్టి. బోన్లు అక్కర్లేకుండా చేసిన మనిషి పేరు రాయడానికి పలక ఎక్కడ పెడతారు?

ఈ దారిలోకి రావాలనుకునే కుర్ర వెట్లకు చోట్లు చాలానే ఉన్నాయి. రెసిడెన్సీ చేసో, కొన్నేళ్ల ప్రాక్టీసు తర్వాత బోర్డు పరీక్ష రాసో స్పెషలిస్టు కావచ్చు. షెల్టర్ మెడికల్ డైరెక్టర్, సంతాన నియంత్రణ సర్జన్, యూనివర్సిటీ టీచర్, వ్యాధి చెలరేగినప్పుడు పిలిచే కన్సల్టెంట్, ఫోరెన్సిక్ నిపుణుడు, వరదలొచ్చినప్పుడు జంతువుల శిబిరం నడిపే మనిషి, ఇలా పనికి కొదవ లేదు. 2005లో కత్రినా తుపాను తర్వాత, పెంపుడు జంతువుల్ని వదిలి రాలేక ఇళ్లలో ఉండిపోయినవాళ్లను చూశాకే అమెరికా మరుసటి ఏడాది విపత్తు ప్రణాళికల్లో జంతువుల్ని చేర్చే చట్టం తెచ్చింది. జీతం మాత్రం ప్రైవేటు క్లినిక్‌తో పోలిస్తే చాలాచోట్ల వెనకబడే ఉంటుంది. దాని కన్నా నన్ను బాధపెట్టేది ఉద్యోగ ప్రకటన. రోజుకు ఎన్ని ఆపరేషన్లు చేయగలరు అని అడుగుతారు. ఎన్ని బోన్లు ఉండాలి, ఏ రోజు ఎన్ని జంతువుల్ని తీసుకోవాలి, ఏది ముందు బయటికి వెళ్లాలి అన్న నిర్ణయం ఎవరి చేతిలో ఉంటుందో అందులో రాయరు. అది రాయని చోట చేరితే, పిల్లుల జలుబుకు మందు చీటీలు రాస్తూనే ఏళ్లు గడిచిపోతాయి.

ఆ అధికారం ఉన్నచోట పొద్దున రౌండ్లు వేరేగా నడుస్తాయి. డాక్టరు అట్టకు గుచ్చిన కాగితాలు పట్టుకుని ఒక్కో బోను ముందు ఆగుతుంది. ఒంట్లో ఎలా ఉందని అడగడంతో ఆగదు, "ఇది ఇంకా ఇక్కడెందుకుంది?" అని కూడా అడుగుతుంది. ఆపరేషన్ కోసం. సరే, ఇవాళే. ఫొటో తీయలేదు. ఇప్పుడే తీయండి. పక్క బోనులో నల్ల పిల్లికి ఒంట్లో బాగానే ఉంది, ఆపరేషన్ అయింది, తీసుకెళ్లేవాళ్లు కూడా దొరికారు. ఆరు రోజులుగా ఎందుకుందో అక్కడున్న ఎవరికీ తెలియదు.